తోస్తేనే కదిలే కారు

మా అత్త నాకు రెండు విధాలా అత్త. నాయనకు చెల్లెలు, నా భార్యకు తల్లి. నన్ను చంకన ఎత్తుకుని తిప్పిన మనిషి కాబట్టి నేను అల్లుణ్ణి అయిన తర్వాత కూడా ఆమె నోట 'ఒరే' అన్న పిలుపు మారలేదు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరగా ఒక ఇరుకు వీధిలో వాళ్ళ ఇల్లు. మామ కొండమీద స్వామి కైంకర్యంలో ఉండేవాడు. వారంలో ఎక్కువ రోజులు ఆయనకు కొండమీదే గడిచేది. కింద ఇంటినీ, పిల్లల్నీ, వచ్చేపోయే బంధువుల్నీ అత్త ఒక్కతే నడిపేది. మడి విషయంలో చాలా పట్టుదల మనిషి. ఎక్కడికి బయలుదేరినా తన నీళ్ళు తన చెంబులో, తన తిండి తన మూటలో ఉండాల్సిందే. అటువంటి మనిషికి నా పాత కారుతో చాలా ఏళ్ళు సావాసం నడిచింది.

డెబ్భైల్లో నేను చిత్తూరు కోర్టులో చిన్న ప్లీడరును. మా సీనియరుగారు కొత్త కారు కొనుక్కుని పాతదాన్ని నాకు ఇచ్చేశారు. "ప్లీడరన్నాక కారుండాలయ్యా. క్లయింట్లకు నమ్మకం కుదురుతుంది" అన్నారు. ఆ కారుమీద తనకు నమ్మకం పోయిన సంగతి మాత్రం చెప్పలేదు. నల్లటి కారు, లోపల మెత్తటి సీట్లు, తుడిస్తే అద్దంలా మెరిసేది. మా వీధిలో అదొక్కటే కారు. మొదటిసారి ఇంటిముందు తెచ్చి ఆపినప్పుడు నా భార్య హారతి ఇచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. ఇరుగుపొరుగు అందరూ వచ్చి చూసి వెళ్ళారు. మరుసటి రోజు పొద్దున నేను కోర్టుకు నడిచి వెళ్ళాను.

దానికున్న జబ్బుల్లో పెద్దది సెల్ఫ్ పట్టకపోవడం. తాళం తిప్పితే లోపల ఎవరో దగ్గినట్టు ఒక చప్పుడు వచ్చేది, అంతే. ముందు హ్యాండిల్ దూర్చి తిప్పితే తిరగాల్సింది పోయి చేతిని వెనక్కి కొట్టేది. వెనకనుంచి తోస్తే మాత్రం నాలుగు బారల దూరంలో మేలుకునేది. అందువల్ల ఎక్కడ ఆపినా వాలు చూసి ఆపేవాణ్ణి. చిత్తూరులో వాలు ఉన్న వీధులన్నీ నాకు అప్పుడే తెలిసొచ్చాయి. ఇక రేడియేటరు. నీళ్ళు ఎంత పోసినా తాగేది, ఎక్కడో కార్చేసేది. వెనక ఎడమవైపు తలుపు తాడుతో కట్టి ఉండేది. బాగుచేయించని వారం లేదు. ఒకటి కుదిరితే ఇంకొకటి చెడేది. మా సీనియరుగారు నన్ను కోర్టు వరండాలో చూసినప్పుడల్లా "కారు ఎలా ఉంది?" అని అడిగేవారు. "బాగుందండీ" అనేవాణ్ణి, గ్రీజు అంటిన చేతులు కోటు వెనక దాచుకుని.

అత్త ఆ కారు మొదటిసారి ఎక్కింది మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు. బాలింతను, బిడ్డను తిరుపతి నుంచి చిత్తూరుకు తీసుకువస్తున్నాను. కూడా అత్త వచ్చింది. చంద్రగిరి దాటామో లేదో ముందు బానెట్ లోంచి ఆవిరి లేచింది. ఆపి దిగాను. మండే ఎండ. చుట్టుపక్కల బావి కనపడలేదు. ఏం చేయాలో తోచక నిలబడ్డాను. అత్త దిగివచ్చి బానెట్ లోకి తొంగిచూసింది.

"ఏమిరా, దప్పికా దీనికి?"

"అవునత్తా. నీళ్ళు పోయాల."

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న మడినీళ్ళ చెంబు నా చేతికిచ్చింది. నేను తటపటాయించాను. ఆ నీళ్ళు పోస్తే చిత్తూరు చేరేదాకా ఆమె గొంతు తడుపుకోదని నాకు తెలుసు.

"పొయ్యిరా. నాకు దప్పికైతే ఓర్చుకుంటాను. అది ఓర్చుకోలేదు గదా. బిడ్డ ఎండలో ఉండాది."

ఆ రోజు ఆమె చిత్తూరు చేరి, స్నానం చేసి, మళ్ళీ మడి కట్టుకున్నాకే మంచినీళ్ళు తాగింది. కారు మీద కానీ నా మీద కానీ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నాతో ఎప్పుడు వచ్చినా రెండు చెంబులు తెచ్చుకునేది. "ఇది నాకు, ఇది దానికి" అని చూపించి మరీ ఎక్కేది.

ఇట్లా కొన్నేళ్ళు గడిచాయి. మా బావమరిదికి చిత్తూరులో సంబంధం కుదిరింది. ముహూర్తం పగలు. మగపెళ్ళివారంతా ముందురోజే బస్సులో వచ్చి సత్రంలో దిగారు. అత్త మాత్రం రాలేదు. తాళిబొట్లు తిరుచానూరు అమ్మవారి పాదాల దగ్గర పెట్టించి, పొద్దునే తానే తీసుకువస్తానని మొక్కుకుంది. ఆమెను తీసుకురావడానికి నేనూ నా భార్యా కారులో వెళ్ళాం. అంతకు ముందే కారుకు చేయించాల్సినవన్నీ చేయించాను. సెల్ఫ్ కూడా పలికింది. పెళ్ళికని కొత్త పంచె కట్టుకుని, భుజాన అంగవస్త్రం వేసుకుని స్టీరింగు ముందు కూర్చుంటే నాకే ముచ్చటేసింది.

తిరుచానూరులో పూజ అయింది. తాళిబొట్లు పసుపుగుడ్డలో చుట్టి అత్త రొండిన దోపుకుంది. పట్టుచీర కచ్చపోసి కట్టుకుని, కాళ్ళకు పసుపు రాసుకుని వెనక సీట్లో నిండుగా కూర్చుంది. చంద్రగిరి దాటాం, పనపాకం దాటాం. కారు తేనెటీగలా చప్పుడు చేస్తూ పోతోంది. పూతలపట్టు ఇంకా రాలేదు, బానెట్ కింద ఏదో ఫటేలుమని తెగింది. కాసేపటికి ఆవిరి. ఆపి చూస్తే ఫ్యాన్ బెల్టు తెగి కింద వేలాడుతోంది. నా దగ్గర వేరే బెల్టు లేదు. నీళ్ళయితే రెండు చెంబులున్నాయి, బెల్టు లేకుండా నీళ్ళు పోసి ఏం లాభం?

బస్సులు వస్తున్నాయి, కొండకు వచ్చి తిరిగిపోయే యాత్రికులతో కిటికీలదాకా నిండి ఉన్నాయి. చేయెత్తితే ఒక్కటీ ఆగలేదు. ముహూర్తం దగ్గరపడుతోంది. పెళ్ళికొడుకు పీటలమీద కూర్చుని ఉంటాడు, తాళి ఇక్కడ రోడ్డుమీద ఉంది.

అప్పుడు పాకాల వైపు నుంచి ఒక లారీ వచ్చింది. నిండా బెల్లం దిమ్మెలు, చిత్తూరు మండీకి పోతోంది. అత్త చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని రోడ్డు నడిమధ్యకు వెళ్ళి నిలబడింది. లారీ కీచుమని ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"ఏమమ్మా, సావాలని ఉండాదా?"

"సావాలని లేదప్పా, చిత్తూరు పోవాలని ఉండాది. నన్ను ఎక్కించుకో."

"ఆడోళ్ళని ఎక్కించుకోకూడదమ్మా. మా ఓనరు సూస్తే పనిలోంచి తీసేస్తాడు."

"నేను ఆడమనిషిని కాదప్పా. పెండ్లికొడుకు తల్లిని. ఇదో, తాళిబొట్లు నా దగ్గరే ఉండాయి."

పసుపుగుడ్డ తీసి చూపించింది. డ్రైవరు మా కారు వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ ఆ పసుపుగుడ్డ వైపు చూశాడు. ఏమనుకున్నాడో, క్లీనరును వెనక బెల్లం మీదికి పొమ్మని తలుపు తెరిచాడు. ఆ మెట్టు నడుమెత్తు ఉంది. అత్త దాని మీద కాలు పెట్టి, పై కడ్డీ పట్టుకుని, పొలంగట్టు ఎక్కినట్టు ఎక్కేసింది. నా భార్య కూడా ఎక్కబోయింది.

"నువ్వు యాడికి? వీనితో ఉండు. ఒంటిగాడు కారు తోసుకుంటా ఎంత దూరం పోతాడు?" అని, నా వైపు తిరిగి, "నువ్వు దిగులు పెట్టుకోవద్దురా. నిదానంగా రా" అంది.

లారీ వెళ్ళిపోయింది. నేను రోడ్డు పక్క రాయిమీద కూర్చుండిపోయాను. నా భార్య బానెట్ లోపల ఆ చక్రాలను కాసేపు చూసింది.

"బావా, ఈ తాడు చేసే పనేమి? ఈ చక్రం తిరిగితే ఆ చక్రాన్ని తిప్పడమే గదా?"

"అంతే."

"కవ్వానికి తాడు చుట్టినట్టే గదా. ఆ అంగవస్త్రం ఇట్లివ్వు."

అత్త వదిలిపోయిన చెంబుల్లోని నీళ్ళతో నా కొత్త అంగవస్త్రాన్ని తడిపింది. నేనొక కొస పట్టుకుంటే తానొక కొస పట్టుకుని తాడులా మెలితిప్పింది. దాన్ని చక్రాలకు చుట్టి నేను ముడివేశాను. కొంచెం దూరంలో ఒక పొలంలో మోటారు ఆడుతోంది. చెంబులతో నీళ్ళు తెచ్చి పోశాం. సెల్ఫ్ మళ్ళీ మొరాయించింది. ఆమె తోసింది, నేను ఎక్కాను, ఇంజను అందుకుంది. మేం మెల్లగా నడిపిస్తూ, దారిలో ఆపి ముడి బిగిస్తూ, నీళ్ళు పోస్తూ చిత్తూరు చేరాం. సత్రం ముందు కారు ఆపేటప్పటికి అంగవస్త్రం పీలికలు పీలికలుగా ఉంది.

తాళి కట్టడం అయిపోయింది. సరిగ్గా ముహూర్తానికే అయిందట. ఎట్లా జరిగిందో అందరూ తలా ఒక ముక్క చెప్పారు. బెల్లం లారీ సత్రం ముందు ఆగేటప్పటికి నాదస్వరం వాయించేవాళ్ళు ఆపేసి నోరు తెరుచుకుని చూశారట. అత్త దిగి, చీరకు అంటిన బెల్లం దులుపుకుని, "వాయించండప్పా, ఏమి సూస్తా ఉండారు? తాళిబొట్లు వచ్చినాయి" అని నేరుగా లోపలికి నడిచిందట. తాళి కట్టించిన తర్వాత బయటికి వచ్చి లారీ డ్రైవరునూ క్లీనరునూ చేతులు పట్టుకున్నంత పనిచేసి లోపలికి తెచ్చిందట. మొదటి పంక్తిలో కూర్చోబెట్టింది. ఆ కాలంలో, ఆ ఇళ్ళల్లో అది చిన్న సంగతి కాదు. పెద్దవాళ్ళలో ఒకాయన లేచి గొణిగాడు. నేను లోపలికి అడుగుపెట్టింది సరిగ్గా అప్పుడే.

"నా కోడలికి తాళి తెచ్చినోడు ఈ అబ్బ. ఈ అబ్బ ఆకలితో పోతే మీకెవురికైనా ముద్ద దిగుతాదా?" అంది అత్త.

గొంతు పెంచలేదు. ఆయన కూర్చున్నాడు. వడ్డన సాగింది.

ఆ తర్వాత ఆడపెళ్ళివారిలో ఒకావిడ నన్ను చూసి, "ఆ కారు ఈయనదేనా?" అని నవ్వింది. నా ముఖం మాడిపోయింది. అత్త విన్నది. "మావాని కారు సగం దారి తెచ్చింది, లారీ సగం దారి తెచ్చింది. ఇద్దరూ నాకు కావాల్సినోళ్ళే" అని నా చేతిలో తాంబూలం పెట్టింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెళ్ళి సందడి తగ్గాక ఆ కారును ఎవరికైనా అంటగట్టి వదిలించుకోవాలని తీర్మానించుకున్నాను. ఆ మాట చెప్పడానికి తిరుపతి వెళ్ళాను. అత్త బియ్యం ఏరుతూ విన్నది.

"కారు సంగతి ఉండనీ. నాకొకటి సెప్పు. అది ఆగిపోతే తోసేది ఎవురు?"

"మీరే. నేను స్టీరింగు పట్టుకోవాలి గదా."

"మనలో ఎవురికి బలం ఎక్కువ?"

"నాకే అనుకో."

"మరి బలమున్నోడు కుర్చీలో కూర్చోని, బలం లేనోళ్ళు ఎనకనుంచి తోస్తే ఎట్లరా? పాపకి నేర్పించు. అది కూర్చుంటాది, నువ్వు తొయ్యి."

పాప అంటే నా భార్య. ఇద్దరు బిడ్డల తల్లి అయినా అత్తకు ఆమె పాపే. నేను నవ్వేశాను. అత్త నవ్వలేదు. ఆ మాటలో నాకు ఎక్కడా వంక దొరకలేదు. ఆ సాయంత్రమే కొండమీద నుంచి మామ దిగివచ్చాడు. ఆయన ఏమంటాడోనని భయపడ్డాను. అంతా విని, కాళ్ళు కడుక్కుంటూ, "నేర్చుకుంటే మంచిదే. మెల్లగా పొమ్మను" అన్నాడు. ఆయన మాట్లాడేది ఎప్పుడూ అంతే.

అలిపిరి వైపు పోయే రోడ్డు ఆ రోజుల్లో మధ్యాహ్నంపూట ఖాళీగా ఉండేది. అక్కడే నేర్పించాను. నిజానికి నేను నేర్పింది తక్కువ. ఏ చప్పుడు వస్తే క్లచ్ ఎంత వదలాలో, ఎక్కడ ఊపిరాడక ఆగిపోతుందో ఆమెకు వెనకనుంచి తోసి తోసి ముందే తెలుసు. నేను గేరు గట్టిగా లాగితే, "మెల్లగా బావా, దానికి నొప్పి పుడతాది" అనేది. చీర కొంగు నడుముకు బిగించి, వెన్ను నిటారుగా పెట్టి ఆమె నడుపుతుంటే, కొండకు నడిచిపోయే జనం ఆగి చూసేవాళ్ళు. కొందరు నవ్వారు. ఒక ముసలామె మాత్రం రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది, కారుకో, ఆమెకో తెలియదు.

లైసెన్సు పరీక్ష రోజున ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చున్నాడు. నేను మైదానం అంచున చెట్టు కింద నిలబడ్డాను. ఒక చుట్టు బాగానే తిరిగింది. రెండో చుట్టులో నడిమైదానంలో కారు ఆగిపోయింది. అయిపోయిందనుకున్నాను. కాసేపటికి ఇన్‌స్పెక్టరు దిగాడు, టోపీ తీసి కిటికీలోంచి సీటుమీద పెట్టాడు, వెనక్కి వెళ్ళి తోయడం మొదలుపెట్టాడు. ఇంజను అందుకోగానే ఆమె ఆపకుండా గుండ్రంగా తిప్పుకొచ్చి ఆయన ముందు నెమ్మది చేసింది. ఆయన నడుస్తున్న కారులోకే ఎక్కాడు. తర్వాత అడిగితే, "సార్, కొంచెం దిగి తోస్తారా అన్నాను. పాపం, మంచాయన" అంది. ఆయన నాతో, "ఈ బండి నడిపే మనిషి ఏ బండైనా నడుపుతుంది" అని సంతకం పెట్టాడు.

అప్పటినుంచి ఎక్కడికి పోయినా ఆమె స్టీరింగు పట్టుకునేది, నేను తోసేవాణ్ణి. కోర్టు ముందు నన్ను దింపి వెళ్తుంటే ప్లీడర్లంతా వరండాలోకి వచ్చి చూసేవాళ్ళు. కొన్నాళ్ళు వేళాకోళం చేసి మానుకున్నారు. వాళ్ళలో ఒకాయన తన కూతురికి కూడా నేర్పించమని మా ఇంటికి వచ్చి అడిగాడు.

ఎనభైల మొదట్లో ఒక ఉదయం నాకు కడుపులో నొప్పి మొదలైంది. ముందు అజీర్తి అనుకున్నాను. కాసేపటికి నిలబడలేకపోయాను. డాక్టరు వచ్చి నొక్కి చూసి, అపెండిక్సు ముదిరింది, ఆలస్యం చేయకుండా వేలూరు తీసుకుపొమ్మన్నాడు. అత్త అప్పుడు మా ఇంట్లోనే ఉంది. పిల్లల్ని పక్కింట్లో వదిలి, నన్ను వెనక సీట్లో పడుకోబెట్టి, అత్త నా తల ఒళ్ళో పెట్టుకుంది. తోసేవాణ్ణి నేను పడుకుని ఉన్నాను కాబట్టి వీధివాళ్ళు వచ్చి తోశారు. నా భార్య అంతకు ముందు నేను పక్కన లేకుండా ఊరు దాటి నడపలేదు. ఆ రోజు ఆమె వెనక్కి తిరిగి నన్ను ఒక్కసారి చూసింది, అంతే. తర్వాత రోడ్డుమీద నుంచి కళ్ళు తిప్పలేదు.

తమిళ సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర లారీలు బారుగా నిలిచి ఉన్నాయి. ఆ వరసలో నెమ్మదించేటప్పటికి కారు ఆగిపోయింది. ఎంత చేసినా పలకలేదు. నేను పళ్ళు కరుచుకుని పడుకున్నాను. అత్త నా తల కింద మూట పెట్టి దిగింది.

ఆమెకు వచ్చిన తమిళం మామ ఇంట్లో వల్లించే పాశురాల తమిళం. సంతలో మాట్లాడే తమిళం కాదు. ఆ పాతకాలపు మాటలతో, స్వామికి విన్నవించుకున్నట్టు రెండు చేతులూ జోడించి, అక్కడున్న పోలీసులతో, లారీలవాళ్ళతో గట్టిగా చెప్పింది. లోపల పడుకున్న నాకు కూడా వినపడింది. వాళ్ళు మొదట నవ్వారు. ఒక పోలీసాయన మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి, లోపల నన్ను చూసి, "అమ్మా, మా అవ్వ ఇట్లే మాట్లాడేది" అన్నాడు తమిళంలో. విజిలు ఊది లారీలను పక్కకు జరిపించాడు. డ్రైవర్లు, క్లీనర్లు, పోలీసులు అందరూ కలిసి మా కారును తోశారు. ఇంజను పలికింది. అత్త నడుస్తున్న కారులోకి ఎట్లా ఎక్కిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. యాభై దాటిన మనిషి ఆమె.

"ఇంగ ఆపొద్దు పాపా. ఏమొచ్చినా ఆపొద్దు" అంది.

నా భార్య ఆపలేదు. కాట్పాడి జనంలో హారన్ మోగిస్తూ, రైలుకట్ట పక్క ఇరుకులో దారి చేసుకుంటూ నేరుగా ఆసుపత్రి వాకిట్లోకి తెచ్చి నిలిపింది. కారు అక్కడే చచ్చిపోయింది. దాన్ని పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. నన్ను స్ట్రెచరు మీద తీసుకుపోయారు. ఇంకొంచెం ఆలస్యమైతే చేయగలిగింది ఉండేది కాదని ఆపరేషను చేసిన డాక్టరు తర్వాత చెప్పాడు.

మెలకువ వచ్చినప్పుడు మంచం పక్కన నా భార్య బల్లమీద కూర్చుని నిద్రపోతోంది. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, స్టీరింగు అంత గట్టిగా పట్టుకుంది. అత్త ఆమె తలను తన భుజానికి ఆనించుకుని, కదిలితే నిద్ర చెదురుతుందని బిగుసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి కళ్ళతోనే పలకరించింది.

"ఎట్లుండాదిరా?"

"బాగుండాదత్తా. కారు?"

"యాడుండాదో ఆడే ఉండాది. ఈడ పనిచేసే పిల్లకాయలు నీడలోకి తోసి పెట్టినారు. నువ్వు మాట్లాడొద్దు, పాప లేస్తాది."

కిటికీలోంచి ఎండ పడి ఆ ఇద్దరి ముఖాలమీద వెలుగుతోంది. తల్లి ముఖంలో అలసట లేదు, కూతురి ముఖంలో భయం లేదు. నేను వాళ్ళను చూస్తూ మళ్ళీ నిద్రలోకి జారుకున్నాను.

ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చాక కోర్టులో మా సీనియరుగారు ఎప్పటిలాగే కారు సంగతి అడిగారు. ఈసారి జరిగిందంతా దాచకుండా చెప్పాను. మరుసటి ఆదివారం ఆయన తన భార్యను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. నన్ను పరామర్శించి, తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, లోపల పని చేసుకుంటున్న అత్తకూ నా భార్యకూ నమస్కారం పెట్టారు.